ఒక్క చుట్టు వెనక్కి

డాబాగార్డెన్స్‌లో మూతపడ్డ టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీద
ప్రతి రెండో ఆదివారం పదకొండు మందిమి చేరతాం.
లిఫ్టు లేదు. ఒక్కో మిషను పన్నెండు కిలోలు, కొన్ని ఇరవై.
నాలుగు మెట్లకోసారి దించి, ఊపిరి తీసుకుని
మళ్లీ చంకకెత్తుకుంటాం.
కింద పకోడీల బండివాడు విడవకుండా అడుగుతాడు:
"ఇనపసామానుకి కేజీ ఎంతిస్తన్నారు బాబూ, పైన?"

క్లెమెంటు గారిది కాంప్టోమీటరు,
వాల్తేరు రైల్వేలో జీతాల బిల్లులు కూడినది.
ఒకటి మీటలు గుంటలు పడ్డాయి,
తొమ్మిది మీటలు ఇంకా కొత్తగా మెరుస్తున్నాయి.
"మా జీతాల్లో తొమ్మిదులెక్కడివోయ్" అంటాడాయన.

సన్యాసినాయుడి తెలుగు టైప్‌రైటరు
వత్తు కొడితే బండి కదలదు,
అక్షరం కాళ్ల దగ్గర ఆగి చోటిస్తుంది.
కోర్టు గోడ పక్కన ముప్పై ఏళ్లు కూర్చున్నవాడు,
"సదరు" అనే మాట ఇప్పటికీ కళ్లు మూసుకుని కొడతాడు.

ఇందుమతి క్యాలిక్యులేటరులో ఆకుపచ్చ అంకెలు.
తుపానులో తడిశాక ఏడుకి తలకట్టు పోయింది,
ఒకటిలా కనిపిస్తుంది.
దాని లెక్క ఒక్కటీ నమ్మదు. అయినా అమ్మదు.

రహమతుల్లా సైక్లోస్టైల్ డ్రమ్ము విప్పితే
లోపల అతుక్కున్న ముక్క ఒకటి:
"కార్మిక సోదరులారా, ఇక"
అక్కడికి చిరిగిపోయింది.
ఇక ఏం చెయ్యమన్నారో
రెండు నెలలుగా వాదించుకుంటున్నాం.

నేను బాగుచేసేవాణ్ణి.
ఈ ఊళ్లో ఇనుముకి ముసలితనం తొందరగా వస్తుంది.
యారాడ కొండ దాటొచ్చే గాలి
ప్రతి స్ప్రింగునీ నాకి చూస్తుంది.

మొన్న నూకరత్నం గారొచ్చారు,
బియ్యం సంచిలో ఫాసిట్ మిషనుతో.
పోర్టు లెక్కల సెక్షను, పధ్నాలుగేళ్లు.
కంప్యూటర్లు దిగిన రోజు సీట్లోంచి లేవమంటే లేచారట.
తర్వాత వేలంలో తూకానికి కొన్నారట, తన మిషను తనే.
పిడి బిగుసుకుపోయింది. కిటికీలో మాత్రం
నాలుగు ఎనిమిది ఒకటి ఏడు మూడు ఆరు.
ఆ మధ్యాహ్నం ఎక్కడ ఆగిందో అక్కడే.

"ముందు సున్నా చెయ్యాలమ్మా, తర్వాతే విప్పాలి" అన్నాను.
"సెరిపేస్తావేటి?" అన్నారు.
"రాసిపెట్టుకోవచ్చుగా" అన్నాడు క్లెమెంటు.
"కాయితం మీద రాస్తే అది అంకె నాయనా.
ఇందులో ఉన్నంతసేపూ నా సెయ్యి."

విప్పలేదు. చుక్క చుక్కగా నూనె దించాను.
గంటన్నర. మధ్యలో కరెంటు పోయింది,
ఫ్యాను ఊసు ఎవరూ ఎత్తలేదు.
పిడి వదులైందని నేను చెప్పేలోపే
ఆవిడ వేళ్లు రెండునీ ఆరునీ లాగేశాయి.
"ఇరవయ్యారు ఎందుకు?"
"ఏమో. సేతికి తెలుసు."
కాసేపయ్యాక: "గ్యాంగులో ఇరవయ్యారుగురు.
ఓవర్‌టైం పంపకం."

పిడి తిరుగుతోంది, కర్రు కర్రుమని.
ఉన్నట్టుండి కిటికీ నిండా తొమ్మిదులు. గంట మోగింది.
ఉన్నదానికంటే ఎక్కువ తీసేశామని దానర్థం.
ఒక్క చుట్టు వెనక్కి.
బండి ఒక గడి పక్కకి. మళ్లీ.
అలా ఐదుసార్లు మోగింది.
మనిషికి నూట ఎనభై ఐదు రూపాయల ఇరవై ఎనిమిది పైసలు.

ఇన్నేళ్లు సంచిలో దాచిన అంకె పోయింది.
ఆవిడే పోగొట్టారు, పూర్తిచేసి.
కిటికీ చివర ఒక ఎనిమిది మిగిలింది.

"ఆ ఎనిమిది పైసలు ఎవరికమ్మా?"
"మేస్త్రీ పేరున రాసీదాన్ని.
మిగుళ్లన్నీ పోగేసి నెలాకర్ని అందరికీ టీ పోయించీవోడు."

రహమతుల్లా ఏమీ అనకుండా ఫ్లాస్కు మూత తిప్పాడు.
పదకొండు కప్పులు.
మేం పన్నెండు మందిమి.